ఆ నాలుగేళ్లు ఎప్పటి నుంచి

ముఫ్తీగారు పొద్దుటి నుంచి ఒక చోట కుదురుగా కూర్చోలేకపోతున్నారు. బీరువా తెరుస్తారు, పుస్తకం తీస్తారు, రెండు వాక్యాలు చదివి మళ్లీ లోపల పెట్టేస్తారు.

"కాలుగాలిన పిల్లిలా ఆ తిరగడం ఏంటండీ? కుర్చీ ఉంది కదా," అంది భార్య.

కారణం బయటి గదిలో కూర్చుని ఉంది. కుట్టుపని చేసుకునే మనిషి, ముప్పై ఎనిమిదేళ్లు. భర్త ఇల్లు విడిచి ఆరేళ్లయింది. ఇప్పుడొక మెకానిక్ పెళ్లి చేసుకుంటానని అడుగుతున్నాడు.

ఐదేళ్ల కిందట ఆమె అన్న, మతధర్మం ఏమంటుందో అడుగుతూ ముఫ్తీగారి దగ్గరికి ఒక కాగితం తెచ్చాడు. 'బావగారు దూరదేశం పనికెళ్లారు, అప్పుడప్పుడు కబురొస్తుంది. చెల్లెలు మళ్లీ పెళ్లాడవచ్చా?' కాగితంలో ఏముందో దానికే జవాబు ఇవ్వడం ముఫ్తీగారి ఇంటి పద్ధతి. 'కూడదు, వేచి ఉండాలి' అని రాసి ముద్ర కొట్టారు.

"కబురూ లేదు, కాకరకాయా లేదు హజ్రత్," అని నిన్న ఆమె వచ్చి చెప్పింది. "పరువు పోతుందని మా అన్న అలా రాశాడట. నాకు మొన్ననే తెలిసింది."

తప్పిపోయిన భర్త సంగతి ఖురాన్‌లో సూటిగా లేదు. ప్రవక్త సహచరుల్లో ఒకరు నాలుగేళ్లు ఆగమన్నారు, మరొకరు చావు కబురు తెలిసేదాకా ఆగమన్నారు. ముఫ్తీగారి మజ్హబ్, అంటే వాళ్లు నడిచే న్యాయశాఖ, భర్త ఈడువాళ్లందరూ పోయేదాకా ఆగాలంది. తాతల కాలంలో ఆడవాళ్ల గోస చూడలేక ఆ మజ్హబ్ పెద్దలే పక్క మజ్హబ్ నుంచి నాలుగేళ్ల మాట తెచ్చుకున్నారు. అయితే తీర్పు చెప్పే ఖాజీ దగ్గర అర్జీ పెట్టి, ఆయన వెతికించాకే ఆ లెక్క మొదలవుతుంది.

"అంటే నేను ఆగిన ఏళ్లన్నీ గాలికి పోయినట్టేనా?" ఇదంతా విని బయటి గదిలోంచి అంది ఆమె.

"అర్జీ పడలేదు కదమ్మా."

"పడకుండా ఆపిందెవరు హజ్రత్?"

ముఫ్తీగారు వెనుదిరిగారు. మళ్లీ బీరువా దగ్గరికి నడిచారు. చాలాకాలం ఆగి, ఇక ఓర్చుకోలేని స్త్రీకి ఖాజీ ఏడాది గడువుతో తేల్చవచ్చని ఆ పెద్దలే ఒక చోట రాసి ఉంచారు. కానీ ఆమె నిజంగా ఆగిందని ఎవరు చెప్పాలి?

కాగితం తీసుకుని నిలబడే రాశారు: 'పాత జవాబు రద్దు. ఆమెను అడగకుండా రాశాను. ఐదేళ్లు ఆగింది నా ముద్ర వల్లే, దానికి నేనే సాక్షిని.' చెప్పులు వేసుకుని ఆమెతోపాటు ఖాజీగారి ఆఫీసుకు నడిచారు.

ఖాజీ చదివి తలెత్తారు. "తప్పు నాదని మీరే రాస్తే ఎలా? రేపు ఊరంతా పాత జవాబులు తిరగదోడతారు."

"తోడనివ్వండి. తోడాల్సినవి ఇంకెన్ని ఉన్నాయో నాకే తెలీదు."

ఖాజీ ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టారు. చివరికి కలం తీసుకుని ఈ రోజు నుంచి వెతుకులాట, దాని తర్వాత ఏడాది గడువు, ఆపైన భర్త పోయిన స్త్రీ పాటించే నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ అని ఉత్తర్వు రాశారు.

ఆమె కాగితం అందుకుని రెండుసార్లు చదివింది.

"మా ఆయనకి ఎడమ చెవి కింద మచ్చ ఉంటుందని కూడా రాయండి," అంది. "వెతికేవాళ్లు సరిగ్గా వెతకాలి కదా."