నేను చెడగొట్టని సెట్టు

నాయుడుపేటలో రహ్మాన్ అన్నకు రేడియో రిపేరు అంగడి ఉంది. ఇప్పుడు అక్కడికి రేడియోలు రావు, మిక్సీలూ ఫ్యాన్లూ వస్తాయి. ఆ ఆదివారం నేను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన పాత టేప్ రికార్డరు సెట్టును చూడగానే, చేతిలో ఉన్న మిక్సీని పక్కకు నెట్టేశాడు. రెండు స్పీకర్లు, రెండు క్యాసెట్ల అరలు, పైన పిడి. వెనక మూత విప్పి చాలాసేపు లోపలికి చూశాడు.

"ఎవురు చేసినారు చెల్లే ఈ పని?"

"నేనే అన్నా. తొమ్మిదేళ్లప్పుడు ఉప్పునీళ్ల చేత్తో ముట్టుకున్నా. దాంతో చెడిపోయింది."

"ఎవురు చెప్పినారు?"

"ఊరంతా."

"ఊరందరికీ రిపేరు పని వచ్చా ఏంది?" నవ్వి టార్చి వేశాడు. "ఇట్ట చూడు. రెండు వైర్లు బ్లేడుతో గీకి చుట్టినారు. బయట నుంచి పెద్ద బ్యాటరీ తగిలించినారు, అదీ ప్లస్సు మైనస్సు తిరగేసి. బోర్డు ఈడనే కాలింది. ఉప్పునీళ్లయితే పచ్చగా చిలుము పడతది. ఇది నల్లంగా మాడింది. నీ చేతికీ దీనికీ ఏం సంబంధం?"

ఆ మాడిన చోటును వేలితో తడిమి చూశాను.

మాది వాకాడు మండలంలో సముద్రం ఒడ్డు పల్లె. ఆ సెట్టు మా ఊరి పెద్ద, పెద్దకాపు పోలేరయ్యది. మద్రాసు బర్మా బజారులో కొనుక్కొచ్చాడు. సాయంత్రం అరుగు మీద పెట్టి పాట వేస్తే, పాటతో పాటు ఎర్ర దీపాలు పైకీ కిందికీ ఎగిరేవి. పెద్దయ్యాక నీకేం కావాలని అడిగితే మా బడి పిల్లలు టీచరనీ పోలీసనీ చెప్పేవాళ్లు. నేను ఆ సెట్టు కావాలని చెప్పేదాన్ని. ఒకరోజు చేపలు కడుగుతూ లేచి వెళ్లి ఆ దీపాల మీద వేలు పెట్టాను. పోలేరయ్య భార్య చూసి కసిరింది. మర్నాటికి సెట్టు మూగబోయింది.

మా పల్లెల్లో పెద్దలు కూర్చుని వేసే కట్టడిని దురాయి అంటారు. దాటిన వాళ్లతో ఊళ్లో ఎవరూ మాట్లాడరు. ఆరుముగం కూతురు ఇక ఊళ్లో ఎవరింటా ఏ మిషనూ ముట్టుకోకూడదని నా మీద దురాయి వేశారు. మా నాయన ఆరుముగం పదిమందిలో తుండు పరిచి సాగిలపడ్డాడు. ఆనాటి నుంచి నా పేరు దుర్గ కాదు, ఉప్పుచెయ్యి. ఇప్పుడు నేను మా ఊరి సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుని. వేలిముద్రల మిషను మొరాయిస్తే వరసలో నిలబడ్డవాళ్లు ఈనాటికీ, "ఉప్పుచెయ్యి తగిలిందిరోయ్!" అని నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. అదే ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

పోలేరయ్య పాత ఇల్లు పడగొట్టినప్పుడు ఈ సెట్టు పాత సామాన్ల బండిలో కనిపిస్తే కొనుక్కున్నాను. నేను పాడుచేసినదాన్ని నేనే బాగుచేయించాలని అనుకున్నాను. అంత బుద్ధిమంతురాలిని.

మూడు ఆదివారాలు పట్టింది. బోర్డు మీద మాడిన ముక్కలు రహ్మాన్ అన్న మార్చాడు. సాగిపోయిన రబ్బరు బెల్టుకు చెన్నై నుంచి కొత్తది తెప్పించాడు. స్పిరిట్టు ముంచిన దూదితో, టేపు తగిలే హెడ్డు తుడవడం నాకు నేర్పాడు. స్పీకరు జాలీలో ఇరుక్కున్న ఇసుకను పళ్ల బ్రష్షుతో నేనే తీశాను. మూడో ఆదివారం క్యాసెట్టు పెట్టి మీట నొక్కమన్నాడు. పాట మొదలై ఎర్ర దీపాలు లేచాయి. పిడి పట్టుకుంటే ఆ అదురు మోచేతి దాకా పాకింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, వాటికంటే ముందు కోపమొచ్చింది. బస్సులో వెనక సీట్లో కూర్చుని ఇంటిదాకా పాటలు పెట్టుకున్నాను. కండక్టరు వచ్చి సౌండు తగ్గించమంటాడేమో అనుకుంటే, "ఇంకొంచెం పెంచక్కా" అన్నాడు.

ఇంటికి వెళ్లేసరికి నాయన పంచలో వల బాగుచేసుకుంటున్నాడు. రహ్మాన్ అన్న చెప్పిందంతా చెప్పాను.

"ఇది పోలేరయ్య కొడుకు మధుబాబు పనే. ఇప్పుడే పోయి అడుగుతా."

నాయన తలెత్తలేదు. "మధుబాబు కాదు మే."

"మరెవురు?"

"నేనే. వేటలో పాటలు విందామని మధుబాబు సెట్టు పడవలోకి తెచ్చినాడు. లైటుకు పెట్టుకునే బ్యాటరీకి తగిలించమన్నాడు. తగిలించినా. పొగొచ్చింది. వాడు భయపడి గమ్మున తీసకపోయి అరుగు మీద పెట్టేసినాడు."

"నా పేరెందుకు వచ్చింది?"

"ముందునాడు నువ్వు ముట్టుకున్నావని వాళ్లమ్మ అనింది. నేను కాదనలా. నేనని తెలిస్తే పడవ ఎక్కనిస్తారా? చిన్నపిల్ల చేసిందంటే ఒక దండంతో పోతది అనుకున్నా."

"పోయిందా?"

నన్ను డిగ్రీ చదివించింది ఈ మనిషే. మా ఇంట్లో సంతకం పెట్టిన మొదటి చెయ్యి నాది. అందుకే నోటికొచ్చింది అనలేకపోయాను. అనలేకపోయినందుకు ఇంకా మండింది.

"రేపు చేపల వేలం కాడ నువ్వే చెప్పాల."

"ఇప్పుడెందుకు మే? బాగయింది గదా, పాటలు పెట్టుకో."

"బాగయింది సెట్టే నాయనా!"

తెల్లవారాక పడవలు ఒడ్డుకొచ్చాయి. ఇసుక మీద చేపలు కుప్పలు పోశారు. పోలేరయ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. చేపలమ్మే కామమ్మ గంప దించుకుంది. నాయన పోయి కుర్చీ ముందు నిలబడ్డాడు. రెండుసార్లు దగ్గి, ఉన్నదంతా చెప్పేశాడు. మధుబాబు పడవ తాడు కట్టుకుంటూ అటు తిరిగిపోయాడు.

జనంలో నవ్వులు లేచాయి.

"అయ్యో, ఉప్పుచేతికి ఇంకో పేరు ఎతకాల్నే!" అంది కామమ్మ.

"ఎప్పటి మాటరా ఆరుముగం!" పోలేరయ్య చెయ్యి విసిరాడు. "నాకూ అప్పుడే అనుమానం వచ్చిందిలే."

"అనుమానం ఉండీ వేసినారా పెదనాయనా?" అన్నాను.

"ఏందమ్మే, చదువుకున్నదానివి, ఇంత చిన్నదానికి..."

"దురాయి ఎత్తేయండి. వేసినట్టే, పదిమందిలో."

"దాన్ని ఎవురు పట్టించుకున్నారే ఇన్నేళ్లు?"

"నేను."

నవ్వులు ఆగాయి.

"మీరు మర్చిపోయినారు. నేను పాటించినా. ఈ ఊళ్లో ఎవురింట్లోనూ టీవీ మీట నొక్కలా. మొన్న కామమ్మక్క ఇంట్లో కరెంటొస్తే లైటూ ఫ్యానూ వెయ్యమనింది. చీకట్లో చేతులు కట్టుకుని కూర్చున్నా. అడగండి ఆమెనే."

కామమ్మ గంపలో చేపలు సర్దుకుంది. "నడుం నొప్పేమో అనుకున్నా దుర్గా," అంది మెల్లగా.

పోలేరయ్య కుర్చీలోంచి లేచాడు. దురాయి వేసినా ఎత్తినా లేచే చెప్పాలి. "ఆరుముగం కూతురి మీదున్న దురాయి ఎత్తేసినాం," అన్నాడు ఇసుక వైపు చూస్తూ.

"నన్ను చూసి చెప్పండి."

నాయన నా చెయ్యి పట్టుకోబోయాడు. విదిలించుకున్నాను. పోలేరయ్య నన్ను చూసి మళ్లీ చెప్పాడు. తప్పయిందని మాత్రం అనలేదు. ఆ మాట కోసం నిలబడ్డాను. వేలం వేసేవాడు గొంతు సవరించుకుని వంజరం చేపల కుప్ప దగ్గరికి పోయాడు. జనం అటు జరిగారు.

ఇంటికొచ్చేదాకా నాయన నాకు నాలుగడుగులు వెనకే నడిచాడు.

"కోపం పోయిందా మే?" అన్నాడు గడప దగ్గర.

"లేదు."

ఆయనకు సద్దన్నం పెట్టాను, పులుసు వేడి చేసి పోశాను, మంచినీళ్లు పెట్టాను. రోజూ పక్కన కూర్చునేదాన్ని, ఆరోజు కూర్చోలేదు. పంచలోకి వచ్చి సెట్టు ఆన్ చేసి సౌండు చివరిదాకా తిప్పాను. వంటింట్లోంచి నాయన ఏదో అన్నాడు. వినిపించలేదు. తగ్గించి అడగాలనిపించలేదు. క్యాసెట్టు ఒక పక్క అయిపోయేదాకా విని, తిరగేసి, రెండో పక్క కూడా విన్నాను.