రేకుకో ధర, బురదకో ధర

ఆ ఆగస్టు ఉదయం లోర్హియో చేతిలో ఉన్నవి ఇవి: ఒంటి ఇంజను విమానం ఒకటి, దాన్ని కొనడానికి వచ్చిన మనిషి ఒకరు, నోరు మూసుకుంటామని ఒట్టు పెట్టిన స్నేహితులు ఇద్దరు. మొదటి రెండూ గట్టి సరుకే. మూడోదాని మీదే అతనికి నమ్మకం లేదు.

అమ్మక తప్పని పరిస్థితి. బేనీ గడ్డిమైదానాల్లో చెదురుమదురుగా ఉన్న ఎస్తాన్సియాల నుంచి, అంటే పశువుల పెంపకపు కమతాల నుంచి, త్రినిదాద్ సంతకు ముప్పై ఏళ్లు మాంసం మోశాడు లోర్హియో. ఎన్ని మందలు అతని విమానం ఎక్కాయో లెక్కలేదు గానీ, అందులో ఒక్క దూడ కూడా అతనిది కాదు. ఇప్పుడు ఎడమ కంటికి పొర కమ్మింది. లైసెన్సు పరీక్షలో డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. లోర్హియో చదివినవి అక్కడ లేని అక్షరాలు. "దోన్ లోర్హియో, ఇక నేల మీద ఉండండి" అని డాక్టరు కాగితం మడిచేశాడు.

ఎగరని విమానం చేపలాంటిది. పొద్దున ఉన్న ధర సాయంత్రానికి ఉండదు. వానలు పడి మైదానమంతా వరద కమ్మితే దాని మీద గడ్డి మొలుస్తుంది. అందుకని వానలు మొదలవకముందే అమ్మేసి, ఆ ధరను పెయ్యలుగా తీసుకోవాలని నిశ్చయించుకున్నాడు. డబ్బయితే జేబులో పడి నిద్రపోతుంది, పెయ్యయితే ఈనుతుంది. మునిమాపు వేళ తన మందను తాను లెక్కపెట్టుకోవాలన్నది అతని ఒకే ఒక్క కోరిక.

కొనవచ్చినావిడ నెల్వీ, మర్యాదగా పిలిస్తే దోన్యా నెల్వీ. యకుమా నది అవతల ఎస్తాన్సియా ఆవిడది. భర్త పోయాక అన్నీ తానే చూసుకుంటోంది. పైలట్లకు అద్దెలు కట్టి విసిగిపోయి, నలభై దాటాక సాంతా క్రూస్ వెళ్లి తానే విమానం నడపడం నేర్చుకుంది. లోర్హియో డెబ్బై పెయ్యలన్నాడు. ఆవిడ యాభై అంది. అరవై దగ్గర కుదిరింది. ఒక చుట్టు తిరిగి చూశాక చేయి కలుపుతానంది.

ఆ చుట్టు తిరగడానికే ఆవిడ పొద్దున్నే వచ్చి, విమానం పైనా కిందా చూసింది. సరిగ్గా అప్పుడే దక్షిణపు చలిగాలి దిగింది. సురాసో అంటే అంతే, నిన్న చెమట పోసిన ఒంటికి ఇవాళ గొంగడి కావాలి. మబ్బు తాటిచెట్ల తలల మీద కూర్చుంది. పక్షి కూడా ఎగరడం లేదు. అందరూ విమానాల మైదానం అంచున చేలా అనే ఆవిడ నడిపే హోటల్లో చేరారు.

ఎగరలేని పైలట్లు ఏం చేస్తారు? మాట్లాడతారు. లోర్హియో భయమంతా అదే.

ముందు రోజే ఆ ఇద్దరు పైలట్ స్నేహితులనూ పక్కకు పిలిచి చెప్పాడు. "రేపు ఆవిడ ముందు నా విమానం ఊసెత్తొద్దు. ఆ బురద కథలు అసలే వద్దు."

ఫనోర్ అతని కూతురికి జ్ఞానతండ్రి, ఆ వరసన ఇద్దరూ ఒకరికొకరు కొంపాద్రే. గుండె మీద చెయ్యేసుకుని, "కొంపాద్రే, నా నోటికి తాళం వేసుకున్నాను" అన్నాడు. ఫనోర్ నోట్లో నువ్వుగింజ నానదని త్రినిదాద్‌లో ఎవరినడిగినా చెబుతారు. రెండోవాడు ఓస్మాన్, వయసులో అందరికన్నా పెద్ద, పొట్ట కూడా పెద్దదే. "తాళం నీకెందుకురా, ముందు తలుపు పెట్టించుకో" అన్నాడు.

కాఫీలు వచ్చాయి. వేడి వేడి జున్నురొట్టెలు వచ్చాయి. నెల్వీ చేతులు కాచుకుంటూ మామూలుగానే అడిగింది. "ఇలాంటి వాతావరణంలో ఎప్పుడైనా చిక్కుకున్నారా మీరు?"

ఆ ప్రశ్న పైలట్లను అడగడమంటే పిల్లి ముందు పాలు పెట్టడమే. ఫనోర్ లోర్హియో వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు, చివరికి ఆగలేకపోయాడు.

"చిక్కుకోవడమా? ఒకసారి... ఈ విమానం కాదులెండి. వేరేది. నీలం రంగుది."

త్రినిదాద్ మైదానంలో నీలం రంగు విమానమనేది ఎన్నడూ లేదు. లోర్హియోది తెల్లనిది, నడుముకు ఎర్రచార. అతను ఊపిరి పీల్చుకున్నాడు. ఫర్వాలేదు, కొంపాద్రేకు బుర్ర పనిచేస్తోంది. సరుకు అదే అయినా పేరు మారింది.

"రన్‌వే ఆరి ఉంటే తెల్ల దుప్పటి పరుస్తారు కదండీ, బురదైతే ఎర్రది. ఆ రోజు మంచు విడిచాక కిందికి చూశాను. ఒకటి కాదు, ఆరు తెల్ల దుప్పట్లు! ఇంత స్వాగతమా అనుకుని దింపేశాను. చక్రాలు సగం దాకా కూరుకుపోయాయి, ముక్కు నేలకు పొడుచుకుంది. ఆ ఇంటావిడ పరుగెత్తుకొచ్చి ఏమందో తెలుసా? 'అయ్యో, నా ఉతికిన దుప్పట్లకు బురద చిమ్మావు కదయ్యా!' అంది."

నెల్వీ పకపకా నవ్వింది. "సోమవారమా?"

"సోమవారమే! ఉతుకుళ్ల రోజని నాకెలా తెలుస్తుంది, బ్రహ్మచారిని! ప్రొపెల్లర్ వంగిపోతే చెట్టు మొద్దు మీద పెట్టి కొయ్య సుత్తితో సాపు చేశాం. ఈలోగా ఒక ఆబోతు వచ్చి తోకకేసి వీపు రుద్దుకుంటూ నిలబడింది. మేం తోలితే పోదు. దానికి అంత హాయిగా ఉంది."

"ఇదేం కథరా" అని ఓస్మాన్ రొట్టె పక్కన పెట్టాడు. పక్కవాడి కథకు నవ్వు వస్తే ఊరుకునే మనిషి కాదు. "వరదలో చూడాలి తమాషా. నీళ్లన్నిటి మధ్య రన్‌వే ఒక్కటే మెరక. ఊళ్లోని జీవాలన్నీ దాని మీదే కాపురం. నేను దిగుతుంటే అడ్డంగా దుంగ పడి ఉంది. ఏ వెధవ వేశాడ్రా దుంగ అని తిట్టుకుంటూ దగ్గరికొచ్చేసరికి ఆ దుంగ నోరు తెరిచింది. మొసలండీ! తప్పిద్దామని తిప్పితే రెక్క కొస పోయి కంచెకు తగిలింది."

"అదే విమానమా?" అని నెల్వీ అడిగింది.

"ఆఁ, అదే. నీలం రంగుది."

"పాపం, దానికెవరి దిష్టో గట్టిగానే తగిలింది."

లోర్హియో కాఫీ గుక్కలో నవ్వు దాచుకున్నాడు. బేరం నిలిచే ఉంది. అరవై పెయ్యలు అతని కళ్ల ముందు తోకలాడిస్తున్నాయి.

అప్పుడు ఓస్మాన్ మూడోది ఎత్తుకున్నాడు. "ఇవన్నీ కాదు దోన్యా. ఈ బేనీలో దిగిన దిగుళ్లన్నిటిలోకీ గొప్ప దిగుడు ఒకటుంది. వరద మధ్య, ఇంజను ఆగిపోతే, పూర్వీకులు పోసిన పాత మట్టికట్ట మీద దింపడం."

లోర్హియో కప్పు గాల్లోనే ఆగింది.

"ఎవరు దింపారు?" అంది నెల్వీ.

ఓస్మాన్ గతుక్కుమన్నాడు. నీలం విమానం ఉంది గానీ, దానికి నడిపేవాణ్ని ఆలోచించుకోలేదు. ఫనోర్‌కు, తనకు ఆ పనితనం లేదని ఊరంతా ఎరుగును. "ఒక కుర్రాడులెండి," అన్నాడు. "లా పాస్ నుంచి వచ్చాడు. కొండల మనిషి. మన వైపు వరద చూడడం అదే మొదలు. భయపడి కళ్లు మూసుకుని ఏడుస్తూ కూర్చుంటే, విమానం దానంతటదే..."

కప్పు బల్ల మీద ఠప్పున పడింది.

"లా పాస్ కుర్రాడా?" లోర్హియో లేచి నిలబడ్డాడు. "ఏడ్చాడా? కళ్లు మూసుకున్నాడా?"

"ఒరేయ్ లోర్హియో, కూర్చోరా," అని ఓస్మాన్ కళ్లతో సైగలు చేశాడు. "నీకెందుకు, ఎవరో కుర్రాడు."

"ఎవరో కుర్రాడు కాదు, నేను! నేను దింపాను! వినండి దోన్యా. పీపాలోంచి పెట్రోలు నా టోపీలోనే వడగట్టి పోశాను. వానకు టోపీ తడిసి ఉంది, నీళ్లు దిగాయి. ఇంజను రెండు సార్లు దగ్గి మౌనవ్రతం పట్టింది. కింద ఎటు చూసినా నీళ్లు. ఆ నీళ్లలో ఒక్క గీత, కట్ట. బండి వెడల్పుకు కాస్త ఎక్కువ. దాని మీద మంద! మెరక అదొక్కటే కదా, ఆవులన్నీ అక్కడే నిలబడ్డాయి. పైనుంచి మోత పెట్టి తోలదామంటే ఇంజను లేదు. ఏం చేశానంటే, కిటికీ తెరిచి పశువుల కాపరిలా కేక వేశాను. హో... హో... హో... అని. మా నాన్న కాపరే కదా. ఆవులకు ఆ కేక తెలుసు. నడక మొదలుపెట్టాయి. అవి ముందు, వాటి వెనక నేను! ఎడమ చక్రం సగం నీళ్ల మీద, సగం మట్టి మీద. చివరి ఆవు తోకకు ప్రొపెల్లర్ తగిలీ తగలకుండా ఆగింది. వెనక సీట్లో మంత్రసానమ్మ ఉంది. 'దిగామా నాయనా, ఇంకా ఉందా?' అని అడిగింది. ఏడవడమట! ఈ విమానమే! పొద్దున పొట్ట కింద చూశారే అతుకు, అది ఆ కట్ట రాయి గీసుకున్నదే!"

మాట పూర్తయ్యాక గానీ తాను ఏం అమ్ముకున్నాడో అతనికి అర్థం కాలేదు.

ఓస్మాన్ రొట్టెను కాఫీలో ముంచి చాలాసేపు దానికేసే చూశాడు. ఫనోర్ మాత్రం వంటింట్లోని చేలాకు కూడా వినిపించేంత మెల్లగా, "మేం ఇద్దరం మూసుకున్నాం. తెరిచింది ఈయనే" అన్నాడు.

"అతుకా?" అంది నెల్వీ. "పొద్దున రంగన్నారు?"

"రంగు వేయించారా అని మీరడిగారు. వేయించాను."

"దుప్పట్లు?"

"...దీన్నే అరువిచ్చాను ఫనోర్‌కి."

"మొసలి?"

ఓస్మాన్ చెయ్యెత్తాడు. "మొసలి నాదేనండీ. విమానం మాత్రం ఇతనిది."

"మరి ఆ నీలం రంగుది?"

"ఇవాళే కొన్నాం," అన్నాడు ఫనోర్.

నెల్వీ నవ్వలేదు. శాలువా సర్దుకుని, "రేకుకు నలభై. అంతకు మించి ఒక్క దూడ ఇవ్వను" అంది.

ఇరవై పెయ్యలు కళ్ల ముందే కంచె దాటి వెళ్లిపోయాయి. నిజం చెప్పిన నోరు లోర్హియోదే. కూర్చున్నాడు. అతనికి తన మీద తనకే కోపం రావాలి, కానీ ఎందుకో హాయిగానే ఉంది. అది లెక్కకు అందలేదు.

నెల్వీ మళ్లీ అడిగింది. "ఆ కట్ట మా ఇంటికి ఏ వైపు?"

"ఉత్తరాన. మీ పాత దొడ్డి దాటాక."

"నేనెప్పుడూ పైనుంచి చూడలేదు దాన్ని. సరే, వరదలో మా రన్‌వే మీద ఏ కొస గట్టిగా ఉంటుంది?"

"తూర్పు కొస, తాటితోపు పక్కది. పడమటి కొస పైకి ఆరినట్టే కనిపిస్తుంది గానీ అడుగున మెత్తన. ఒకసారి అక్కడే నేను..." అని లోర్హియో మొదలుపెట్టాడు.

నెల్వీ కుర్చీ ముందుకు జరుపుకుంది.

లోర్హియో ఆగిపోయాడు. ముప్పై ఏళ్లు సంత బేరాల మధ్య బతికినవాడు. కుర్చీ ముందుకు జరిగితే దాని అర్థం ఏమిటో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. సాంతా క్రూస్‌లో ఆవిడకు నేర్పింది తారు రన్‌వే మీద. రాబోయేది వరద. ఇంతసేపూ తాను చాప కింద దాచిందే అసలు సరుకని అప్పుడు తెలిసింది.

"ఊఁ, అక్కడ ఏమైంది?" అంది నెల్వీ.

"ఇక ఆపుతాను దోన్యా. రుచి చూపించేవరకే ఉచితం."

"ఓహో!"

"రేకు నలభైకే తీసుకోండి, మాట లేదు. కానీ వరదకాలమంతా పక్కసీట్లో నన్ను కూర్చోబెట్టుకోండి. నా కన్ను పనికిరాదు గానీ నోరు పనిచేస్తుంది. ఏ రన్‌వే మీద ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో అక్కడికక్కడే చెబుతాను. నేను పడ్డ బురదలో మీరు పడక్కర్లేదు. దానికి ముప్పై."

"బురదకు ముప్పై పెయ్యలా! పదిహేను."

"దోన్యా, ఒక్క ప్రొపెల్లర్ ఖరీదెంతో తెలుసా మీకు?"

"ఇరవై. మీరు తినే తిండి ఖర్చు వేరు, చూస్తున్నాను ఎంత తింటున్నారో."

"ఇరవై ఐదు. పెయ్యలు మీ గడ్డిలోనే మేస్తాయి, అన్నిటినీ పాలికి పెంచండి. పుట్టే దూడల్లో సగం మీవి."

అది పనికొచ్చే మాట. చుట్టు తిరిగేదాకా ఆగకుండానే నెల్వీ చేయి చాపింది. "కుదిరింది. కానీ ఒకటి, నీలం రంగు కథలు వద్దు."

ఫనోర్ గబుక్కున లేచాడు. "మరి మా కథలో? దుప్పట్ల బురద నాదే కదా దోన్యా! ఓస్మాన్ మొసలికి ధర లేదా?"

"మీరు ఉచితంగా ఇచ్చేశారుగా, దోన్ ఫనోర్."

ఓస్మాన్ పొట్ట ఊగేలా నవ్వాడు. "నోటికి తలుపు పెట్టించుకోమని నిన్న చెప్పానా లేదా?"

మర్నాడు మధ్యాహ్నానికి మబ్బు విడిచింది. నెల్వీ ఎడమ సీట్లో, లోర్హియో కుడివైపున. మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగారు. దిగేటప్పుడు విమానం కుందేలులా రెండు గెంతులు గెంతింది. చేలా హోటలు ముందు నిలబడ్డ ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

"ఈ గెంతుల కథ మీ సొంతం దోన్యా," అన్నాడు లోర్హియో. "దీనికి నేనేమీ తీసుకోను."

"నోరు మూసుకోండి, బ్రేకు వేస్తున్నాను."

చివరికి తేలింది ఇదీ. రేకుకు నలభై పెయ్యలు, బురదకు పాతిక, అంటే మొదట కుదిరినదానికి ఐదు ఎక్కువ. వాటికి పుట్టే దూడల్లో సగం. ఒక వరదకాలం పాటు ఆకాశంలో కిటికీ పక్కన చోటు. ఖర్చు కింద, నలుగురికి ఎండుమాంసం అన్నం, ఫనోర్ రెండుసార్లు పెట్టించుకున్నాడు. లాభం కింద మరొకటి రాసుకోవచ్చు గానీ దానికి పెయ్యల్లో వెల కట్టలేం: ఆ కట్ట మీద దిగింది లోర్హియో అని, బేనీలో ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు.