పరదాకి ఇవతల

మా ఆవిడ కోర్టులో స్టెనోగ్రాఫర్. నాది నడిబజారు సందులో సెలూన్. ఆవిడ పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా మనుషులు చెప్పేదంతా విని, తన నోటి నుంచి ఒక్క ముక్క బయటికి రానివ్వదు. నేను వినేది గోరంత, చెప్పేది కొండంత. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్తగారు పెళ్లయిన వారంలోనే కనిపెట్టేశారు. అయినా మా కాపురం ఇన్నేళ్లూ సజావుగా సాగిందంటే, ఒకళ్లు మాట్లాడుతుంటే ఇంకొకళ్లు వినడానికి ఉన్నారు కాబట్టే.

ఏటా ఒక రాత్రి మా నడిబజారంతా కళాకారులకి వదిలేస్తారు. చీకటి పడ్డప్పటి నుంచి తెల్లారేదాకా బళ్లు రావు, టికెట్టు లేదు, ఎవరైనా వచ్చి ఏదైనా చూడొచ్చు. చూసింది అర్థమవుతుందన్న పూచీ మాత్రం ఎవరూ ఇవ్వరు. ఒక ఏడు బట్టల షాపు అద్దాల వెనక ఒకాయన మంచం వేసుకుని రాత్రంతా నిద్రపోయాడు. జనం ఎగబడి చూశారు. నేను రోజూ చేసే పనేగా, నాకెవరూ చప్పట్లు కొట్టరేం అని మా ఆవిణ్ణి అడిగాను. "మీరు గురక పెడతారు. అది కళ కిందికి రాదు" అంది.

ఈ ఏడు ఒక కళాకారిణి జుట్టు కత్తిరించుకోవడానికి నా షాపుకి వచ్చింది. మాటల్లో పెట్టి తన సంగతంతా రాబట్టాను. మూతపడ్డ బ్యాంకు హాల్లో వరసగా చెక్క గదులు కట్టిస్తోందట. ఒక్కో గదికీ మధ్యలో నల్ల పరదా. ఇవతల కూర్చున్న మనిషి, ఎవరికో చెప్పాల్సి ఉండి చెప్పలేకపోయిన మాట ఒకటి చెప్తాడు. అవతల కూర్చున్న మనిషి వింటుంది. అంతే. బదులు చెప్పకూడదు, ఊకొట్టకూడదు, నిట్టూర్చకూడదు. విన్నది బయట చెప్పకూడదు. "వినేవాళ్లు దొరకట్లేదండీ. ఎవర్ని కూర్చోబెట్టినా సలహాలిచ్చేస్తున్నారు" అని తల పట్టుకుంది. తల నా చేతిలో ఉంది కాబట్టి వదలమని చెప్పి, మా ఆవిడ గురించి చెప్పాను.

మా ఆవిడ ఒప్పుకుంటుందనుకోలేదు. కానీ ఆ అమ్మాయి ఇంటికి వచ్చి అడిగితే నవ్వి, "తీర్పు లేని కోర్టన్నమాట. బాగానే ఉంది" అంది. జనాన్ని కబుర్లలో పెట్టి వరసలో నిలబెట్టే పని నాకు అప్పజెప్పారు.

ఇక్కడ మా బావమరిది గురించి చెప్పాలి. మా ఆవిడకి ఒక్కడే తమ్ముడు. అక్క కోర్టులో ఉండే వేళ చూసుకుని నా షాపుకి వచ్చి క్షవరం చేయించుకుని వెళ్తాడు. అక్కాతమ్ముళ్లకి మాటల్లేవు. అత్తగారు పోయిన రోజున కూడా ఇద్దరూ గదికి చెరో మూలా నిలబడ్డారు.

జరిగిందిదీ. అత్తగారికి అప్పటికే మోకాళ్లలో సత్తువ లేదు. ఒంటరిగా మంచం దిగొద్దన్నారు డాక్టర్లు. ఒకరోజు మధ్యాహ్నం ఆవిణ్ణి కనిపెట్టుకుని ఉండాల్సిన వంతు బావమరిదిది. ఆవిడ లేచి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. పాలు వేడి చెయ్యడానికి వంటింట్లోకి వెళ్తే ఈలోపే లేచిపోయిందని వాడు అందరికీ చెప్పాడు. ఆస్పత్రిలో అత్తగారు కూతురి చెవిలో వేరే మాట చెప్పారు. వాడు ఇంట్లో లేడు, వీధి చివర టీవీలో ఆట చూడ్డానికి వెళ్లాడు, పిలిచి పిలిచి ఆవిడే లేచింది. ఆ తర్వాత ఆవిడ నడవలేదు. చివరికి ఆ మంచంలోనే పోయారు.

"ఆట చూడ్డానికి వెళ్లినందుకు కాదండీ. ఎవరైనా వెళ్తారు" అంది మా ఆవిడ నాతో. "వంటింట్లో ఉన్నానన్నాడు చూశారా, అదీ నేను ఓర్చుకోలేనిది. వాడి నోటితో వాడు నిజం చెప్పిన రోజున నా తమ్ముడు. అప్పటిదాకా కాదు. నాకు తెలుసని మీరు వాడికి చెప్పారో, ఊరుకోను."

నేను చెప్పలేదు. నమ్మండి, నమ్మకపోండి, నా జన్మలో దాచిన రహస్యం అదొక్కటే. కుర్చీలో వాడి తల వంచి వెనక మెడ గీస్తున్నప్పుడల్లా మాట నాలుక చివరిదాకా వచ్చేది. మింగలేక కక్కలేక నానా అవస్థా పడేవాణ్ణి.

కళాకారుల రాత్రికి కొద్దిరోజుల ముందు వాడే కదిపాడు. "అక్కకో మాట చెప్పాలి బావా. చెప్దామనే చాలాసార్లు ఇంటిదాకా వచ్చాను. అక్క మొహం చూస్తే నోరు పెగలదు. ఆ మొహంలో ఏమీ కనబడదు. తిట్టినా బావుణ్ణు."

వాడన్నది అబద్ధం కాదు. మా ఆవిడకి ఎంత బాధ కలిగితే మొహం అంత నున్నగా అయిపోతుంది. సాక్షి ఏడుస్తున్నా, ముద్దాయి అరుస్తున్నా చలించకుండా టైపు చేసీ చేసీ అబ్బిన గుణం. పైకి అలా ఉన్నప్పుడే లోపల ఎక్కువ ఉడుకుతోందని అర్థం చేసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. వాడికి ఎవరు చెప్తారు?

"మొహం కనబడకపోతే చెప్తావా?" అన్నాను.

అద్దంలో నా వైపు చూశాడు. కత్తెర ఆపి అంతా చెప్పాను. ఫలానా హాలు, నల్ల పరదా, అక్క చివరి గదిలో ఉంటుంది, మాట్లాడకూడదని నియమం.  వాడు లేచి వెళ్తూ, "ఆ రాత్రి వస్తాను" అన్నాడు.

మా ఆవిడకి మాత్రం చెప్పలేదు. చెప్తే "నాటకాలొద్దు" అని ఆ ఛాయలకే రాదు. ఏళ్ల తరబడి బిగుసుకున్న తలుపు, ఇటునుంచి ఒకళ్లు అటునుంచి ఒకళ్లు ఒకేసారి తోస్తే తెరుచుకోకపోతుందా అనుకున్నాను. ఇద్దరికీ చెప్పకపోతే ఇద్దరూ ఎలా తోస్తారన్న ఇంగితం నాకు లేకపోయింది.

ఆ రాత్రి వీధులన్నీ తిరణాలలా ఉన్నాయి. ఎత్తైన భవనం మీద వెలుతురుతో పెద్ద కన్ను బొమ్మ వేస్తే అది ఆగి ఆగి రెప్ప వేస్తోంది. కూడలిలో ఒకావిడ మంచు దిమ్మ మీద చెవి ఆనించి నిలబడి ఉంది, అది కరిగేదాకా కదలదట. ఆవిడ చెవి గురించి నాకు దిగులేసింది. బ్యాంకు ముందు మా వరస మలుపు దాకా పోయింది. గదుల్లోంచి కొందరు ముక్కు చీదుకుంటూ బయటికొస్తున్నారు, కొందరు నవ్వుకుంటూ వస్తున్నారు. ఒక పెద్దాయన వచ్చి, ఇంకోటి కూడా చెప్పాలి, మళ్లీ వరసలో నిలబడనా అని అడిగాడు.

బాగా పొద్దుపోయాక బావమరిది వచ్చాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు, పెళ్లిచూపులకి వచ్చినట్టు. నేను చివరి గది ఖాళీ అయ్యేదాకా వాణ్ణి పక్కన ఆపి, ఖాళీ కాగానే వీపు మీద తట్టి లోపలికి పంపాను. వరస సంగతి ఇంకొకాయనకి అప్పగించి, బయటికి వచ్చే తలుపు దగ్గర కాపు వేశాను.  ఇద్దరూ కలిసి బయటికొస్తారు, మా ఆవిడ కళాకారిణికి క్షమాపణ చెప్పి గది వదిలేస్తుంది, ముగ్గురం ఇంటికి నడుస్తాం అని ఊహించుకున్నాను.

వాడొక్కడే వచ్చాడు.

"చెప్పేశాను బావా" అన్నాడు.

"మరి?"

"మరేం లేదు." గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "ఆ రోజు నేను వంటింట్లో లేనని చెప్పాను. మెట్ల మీదికి వచ్చేసరికి అమ్మ పిలుపు వినబడిందనీ, పరిగెత్తేలోపే పడిపోయిందనీ చెప్పాను. నన్ను క్షమిస్తావా అని అడిగి చాలాసేపు కూర్చున్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"అక్కా అని పిలిచావా?"

"ఎలా పిలుస్తాను? ఆ మాట అంటే మిగతాది చెప్పగలనా?"

"మాట్లాడకూడదని నియమం కదరా. ముందే చెప్పాను కదా."

"నియమం తెలుసు బావా. బయటివాళ్లకి నియమం. తమ్ముడికి కూడానా? పరదా కింద నుంచి చెయ్యి కాస్త ఇటు పెడితే చాలు కదా. అదీ లేదు." కళ్లు తుడుచుకుని, "నా గురించి అక్కని ఇంకేం అడక్కు. అడిగినందుకు నాకు జవాబు వచ్చేసింది" అని జనంలో కలిసిపోయాడు.

నిజం చెప్పొద్దూ, నాకు మా ఆవిడ మీద ఒళ్లు మండిపోయింది. ఇంత రాయా అనుకున్నాను. తెల్లారేదాకా వరసలో జనాన్ని ఎవర్నీ పలకరించలేదు.

వెలుతురు వచ్చాక గదులు మూసేశారు. మా ఆవిడ బయటికి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి, ముక్కు ఎర్రబడి ఉంది, చేతిలో తడిసి ముద్దయిన రుమాలు. ఆవిడ మొహం అంత తెరిపిగా ఉండడం నేను ఎన్నడూ చూడలేదు.

"ఏమండీ, వాడొచ్చాడు" అంది నా చెయ్యి పట్టుకుని. "ఏం చెప్పాడో అడక్కండి, చెప్పకూడదు. కానీ చెప్పాడండీ. మొత్తం చెప్పాడు."

"మరి నువ్వు ఒక్క మాటైనా అనలేకపోయావా?"

"ఎలా అంటానండీ? ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి అనుకుని వాడు గుండెల్లో ఉన్నదంతా కక్కేస్తుంటే? ఇవతల ఉన్నది నేనని తెలిస్తే సిగ్గుతో చచ్చిపోడూ? ఊపిరి వినబడినా గుర్తుపడతాడేమోనని రుమాలు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. క్షమిస్తావా అని అడిగినప్పుడు పరదా లాగేసి పట్టుకుందామనిపించింది. ఎలా ఆపుకున్నానో నాకే తెలీదు." నడుస్తూ నడుస్తూ నవ్వింది కూడా. "ఇంటికెళ్లి వాడికి ఫోన్ చేస్తాను. మధ్యాహ్నం భోజనానికి రమ్మంటాను. విన్నానని మాత్రం చచ్చినా అనను. ఏమీ ఎరగనట్టు మామూలుగా పిలుస్తాను. ఏం వండమంటారు?"

అప్పుడు నేను చెయ్యాల్సిందల్లా ఏదో ఒక కూర పేరు చెప్పడం. ఆవిడ ఫోన్ చేసి ఉండేది. ఇన్నేళ్ల తర్వాత, సరిగ్గా ఆ రాత్రి తెల్లవారి, అక్క భోజనానికి పిలిచిందంటే దాని అర్థం వాడికి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఇదంతా నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు తోచింది ఒక్కటే, వాడు అపార్థం చేసుకుని పోయాడు, ఆ ముల్లు వెంటనే తీసెయ్యాలి.

"వాడికి తెలుసే" అన్నాను. "నువ్వేనని తెలిసే వచ్చాడు. నేనే చెప్పాను."

ఆవిడ ఆగిపోయింది. బయట తలుపు దగ్గర వాడన్నవన్నీ చెప్పాను, చెయ్యి సంగతి కూడా. చూస్తుండగానే మొహం నున్నగా అయిపోయింది. పక్కన పనివాళ్లు నిచ్చెనలెక్కి దీపాలు విప్పుతున్నారు, ఊడ్చేవాళ్లు రాత్రి తాలూకు కాగితాలన్నీ కుప్ప వేస్తున్నారు. ఆవిడ ఇంటిదాకా ఆగలేదు. అక్కడే రోడ్డు మధ్యలో ఫోన్ తీసింది. నాకూ వినబడాలని నేనే స్పీకర్ నొక్కాను.

"అక్కా" అన్నాడు వాడు. ఎన్నేళ్లకో విన్నాం ఆ పిలుపు.

"విన్నాన్రా. అంతా విన్నాను. నీకు తెలీదనుకుని..."

"బావ ఫోన్ చెయ్యమన్నాడా?"

కాదు అనొచ్చు. నేనైతే అనేసేవాణ్ణి. ఒకళ్లు అన్న మాటని పొల్లు పోకుండా రాయడమే తప్ప మార్చడం తెలియని మనిషి ఆవిడ. నా వైపు చూసింది. "బావ చెప్పారు... కానీ అంతకుముందే నేను..."

"సరేలే అక్కా." వాడి గొంతులో కోపం లేదు, ఉన్నా బాగుండేది. "బావ మంచోడు. ఎప్పుడూ ఇద్దరికీ సర్ది చెప్పాలనే చూస్తాడు. నువ్వు వెళ్లి పడుకో. రాత్రంతా మేలుకున్నావు." పెట్టేశాడు.

ఆవిడ మళ్లీ చేసింది. ఎత్తలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి, "నేనే చేద్దామనుకున్నాను కదండీ. మీరు చెప్పకముందే అన్నాను కదా" అంది.

"అన్నావు."

"మరి వాడికి చెప్పండి. మీరు విన్నారు కదా, మీరే సాక్షి."

నా ఫోన్ నుంచి చేశాను. ఎత్తాడు. ఒట్టురా, మీ అక్కే ముందు అంది, భోజనానికి పిలుస్తానంది, ఏం వండాలో కూడా అడిగింది అని ఒక్క గుక్కలో చెప్పాను. అన్నీ అక్షరాలా నిజాలే.

"నువ్వు ఇలాగే అంటావని తెలుసు బావా" అన్నాడు వాడు మెల్లగా. "ఉంటాను."

నేను చెవి దగ్గర ఫోన్ అలాగే పట్టుకుని నిలబడ్డాను. నా నోరు పడిపోతే బావుణ్ణనిపించింది. మా ఆవిడ నా మొహం వైపే చూస్తోంది.

"నమ్మాడా?" అంది.

నమ్మలేదని చెప్పాను.