పడుగు వంగుతాదా?

ఎదుటివాడి మంచి చూడలేని కడుపుమంటకు ఏ వైద్యుడి దగ్గరా మందు లేదు. ఓవర్సీరు ఈరప్పకు ఆ మంట, సాటి ఓవర్సీరు బసవన్న ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బదిలీ మీద వచ్చిన నాడే అంటుకుంది.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన మరుసటేడు. ఊరి బయట నేతగాళ్ళకు పెద్ద కాలనీ కట్టాలన్నారు. వందల ఇళ్ళు, వీధులు, కాలువలు, నీళ్ళ ట్యాంకు. పెద్ద ఇంజినీరు ఓవర్సీర్లిద్దరినీ చెరొక ప్లాను గీయమన్నాడు. ఎవరిది నచ్చితే పని మొత్తం వాళ్ళ చేతికే. ఈరప్ప ఇక తనకు తిరుగులేదనుకున్నాడు. అనుకోడా మరి? ఆ ఊరి మగ్గాల నడుమ పుట్టి పెరిగినవాడాయె. బసవన్న తండ్రి పత్తి మిల్లు గుమాస్తా. నేత సంగతి వాడికేం తెలుసు?

తెలియదు కాబట్టే బసవన్న అడిగాడు. పొద్దున లేస్తే ఏదో ఒక మగ్గం పక్కన చతికిలబడి, "ఇల్లు ఎట్లుండాలన్నా? వీధి ఎట్లుండాలన్నా?" అని ప్రాణం తీసేవాడు. వాళ్ళు బొరుగులు పెట్టి మరీ చెప్పేవారు. తన ఊళ్ళో, తన వాళ్ళు, ఆ పరాయివాడికి! ఈరప్పకు ఒళ్ళు మండిపోయింది.

ఒకరోజు బసవన్న బల్ల మీది ప్లాను ఈరప్ప కంటబడింది. పొడుగ్గా, తిన్నగా వీధులు. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు నూలును, వీధి పొడవునా లాగి కట్టి గంజి పట్టిస్తారు కదా, అందుకు. అచ్చం తను గీసినట్టే! చిన్నప్పుడు ఆ పడుగు కొసలు పట్టుకున్న చేతులే ఈరప్పవి. అయినా ఏం చేశాడు? "వాణ్ణి చూసి గీసినాడంటారు" అని తన ప్లాను పర్రున చించేశాడు. నడుమ ఫౌంటెను, చుట్టూ గుండ్రటి వీధులు, చెట్లు పెట్టి కొత్తది గీశాడు. దిష్టి తగులుతుందని ఇంట్లో కూడా చూపలేదు.

నేతగాళ్ళ సొసైటీ హాలులో రెండు ప్లాన్లూ గోడకు తగిలించారు. ఈరప్పది చూసి పెద్ద ఇంజినీరు "భేష్!" అన్నాడు. ఈరప్ప బసవన్న వైపు ఓరగా చూసి మీసం దువ్వుకున్నాడు.

"అయితే ఉండబోయేది వీళ్ళు కదా" అంటూ ఇంజినీరు నేతగాళ్ళను పిలిచి, వీధులేవో ఇళ్ళేవో చూపించాడు. అందరికన్నా ముందు నిలబడింది ఈరప్ప తల్లి ఉచ్చీరమ్మ. ఏది ఎవరు గీశారో ఆమెకు తెలియదు.

"ఈడ పడుగు యాడ సాపేదప్పా?" అంది గుండ్రటి వీధి మీద వేలు పెట్టి. "పడుగు వంగుతాదా? నడుమ ఈ నీళ్ళ తొట్టి ఒగటి! మమ్మల్ని సూసి గీసినాడా, సినిమా సూసి గీసినాడా?"

హాలంతా గొల్లుమంది. బసవన్న మాత్రం నవ్వలేదు. ఈరప్పకు అది ఇంకా మండింది.

ఆమె రెండో ప్లాను ముందుకు జరిగింది. "వీధంటే ఇది! ఎవురు గీసినారప్పా?"

బసవన్న చెయ్యెత్తాడు. ఉచ్చీరమ్మ అతని తల నిమిరింది. "నువ్వు మగ్గాలోళ్ళ బిడ్డవే లే నాయనా. లేకుంటే ఇంత తెలుస్తాదా?"

"కాదమ్మా. మిమ్మల్ని అడిగి గీసినా."

"ఆ ఇంకోటి గీసినోడు ఎవురో గానీ, వాళ్ళమ్మ పడుగు ముట్టిన పాపాన పోయుండదు!"

పెద్ద ఇంజినీరు వెనక్కి తిరిగాడు. "ఏమయ్యా ఈరప్పా, ఇది నీదే కదా?"

ఈరప్ప తల్లి ముఖం చూడలేక గోడ వైపు తిరిగి, "నాదే సార్" అన్నాడు. ఉచ్చీరమ్మ చెయ్యి బసవన్న తల మీదే ఉండిపోయింది.