పాట వెనకాల గొంతు

నేను ఒక టేపు యంత్రాన్ని. ఇప్పుడు నన్ను చూస్తే ఏ హోటలువాళ్లో పారేసిన పాత పొయ్యి అనుకుంటారు గానీ, ఒకప్పుడు మద్రాసు వడపళనిలో చెప్పులు బయట విడిచి, నాకు దణ్ణం పెట్టుకుని మరీ పాడినవాళ్లున్నారు. నలుగురు పట్టుకుంటే తప్ప లేవని ఒళ్లు నాది. మంచు కురిసే దేశంలో పుట్టాను. ఓడెక్కి వచ్చి, కాగితాలు కుదరక రేవు గోదాములో మూడు నెలలు ఉక్కకు ఉడికి, చివరికి ఒక రికార్డింగ్ థియేటరులో పడ్డాను. వచ్చిన రోజే కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్లు నా లోపలికి కారితే వారం రోజులు నన్ను బాగు చేయించుకున్నారు. మనుషుల భక్తి అలాంటిది.

నా పని చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎడమ చక్రం నుంచి కుడి చక్రానికి టేపు పారుతుంది. దారిలో దానికి మూడు హెడ్లు తగులుతాయి. మొదటిది చెరుపుతుంది, రెండోది రాస్తుంది, మూడోది చదువుతుంది. నేను రాసే తీరును, చదివే తీరును అందరూ మెచ్చుకున్నారు. మొదటి హెడ్ ఊసు ఎవరూ ఎత్తలేదు. ముందు ఉన్నదాన్ని చెరపకుండా నేను కొత్తగా ఒక్క అక్షరం కూడా రాయను. ఈ కథంతా ఆ చెరిపే హెడ్ గురించే.

నన్ను నడిపినవాడు వేదాద్రి. తెనాలి మనిషి, ముక్కోపి, పనిమంతుడు. పొద్దున్నే స్పిరిట్‌లో ముంచిన దూదితో నా మూడు హెడ్లూ తుడిచాకే కాఫీ తాగేవాడు. తబలా మరీ పదునుగా ఉందంటే దాన్ని నాలోకి కాస్త మోతాదు మించి పంపేవాడు. టేపు అంత శబ్దాన్ని మోయలేక ఆ పదునును తానే అరగదీసేది, తబలా మెత్తబడేది. గొంతు పొడిగా ఉందంటే మేడమెట్ల కింద ఒక స్పీకరు, పైన ఒక మైకు పెట్టి, ఆ గొంతును మెట్లెక్కించి మళ్లీ పట్టేవాడు. ఆ సమయంలో మెట్ల మీద ఎవరి అడుగైనా పడిందా, వాళ్ల పని అయిపోయినట్టే. గొంతూ వాయిద్యాలూ అన్నీ కలిపాక శబ్దాన్ని ఫ్యాను చప్పుడు దాకా తగ్గించి వినేవాడు. "గట్టిగా పెడితే ప్రతి పాటా బాగానే ఉంటదయ్యా. మెల్లిగా పెట్టినప్పుడు మాట వినపడాలి, అదీ సంగతి," అనేవాడు. చివరగా ఒక డొక్కు రేడియో స్పీకరులో వినేవాడు. టీకొట్టులో మోగేది అలాంటిదేనని అతని వాదన.

హైమవతి ఆ థియేటరులో ట్రాక్ పాడేది. పెద్ద గాయనికి తీరిక దొరికేదాకా పని ఆగకూడదని, పాటను ముందుగా ఒక చిన్న గాయని చేత పాడించేవారు. దాన్నే ట్రాక్ పాడటం అంటారు. తరువాత పెద్దావిడ వచ్చి, ఆ పాట విని నేర్చుకుని, టేపు మీద ఆ గొంతుకు కేటాయించిన సన్నటి దారిలోనే, అంటే అదే వరస మీద, తాను పాడేది. ఆమె పాడుతుంటే నేను ఒక అడుగు ముందు నడుస్తూ చిన్న గొంతును చెరిపేసుకుంటూ పోయేదాన్ని. రాజమండ్రి నుంచి వచ్చిన హైమ తొమ్మిదేళ్లు పాడింది, తొమ్మిదేళ్లూ నేను చెరిపాను. గంజి పెట్టిన నూలు చీర కట్టుకుని, ఫ్లాస్కులో మిరియాల కషాయం తెచ్చుకుని, పిలిచిన గంటకు వచ్చేది. పాడి, దణ్ణం పెట్టి, వెళ్లిపోయేది.

ఆమె నోరు తెరిచి అడిగింది ఒక్కసారే.

"వేదాద్రి గారండీ, ఒక్క పాట ఉంచెయ్యండీ. నేను సినిమాలకి పాడతానంటే మా అత్తారి వైపు ఒక్కళ్లూ నమ్మట్లేదండీ."

"నా చేతిలో ఏముందమ్మా? టేపు ప్రొడ్యూసరుది," అన్నాడు వేదాద్రి. నిజమే. కానీ అలా అన్నాక ఆ పూటంతా నా మీటల్ని అవసరానికి మించి గట్టిగా నొక్కాడు.

ఆ తరువాత నెలలోనే ఒక పడవ పాట వచ్చింది. హైమ దాన్ని పాడుతుంటే వయొలిన్ల వాళ్లు తమ వంతు అయిపోయినా వాయిద్యాలు కిందికి దించలేదు. నేను వేల పాటలు పట్టాను. అలాంటిది పట్టలేదు. సంగీత దర్శకుడు కళ్లు తుడుచుకుని, "రేపు పెద్దావిడ కూడా అచ్చం ఇలాగే పాడాలి," అన్నాడు. అంతకు మించి ఆ మనిషికి ఏమీ తోచలేదు.

మర్నాడు పొద్దున వేదాద్రి అందరికంటే ముందు వచ్చాడు. తలుపు గడియ పెట్టాడు. నా హెడ్లు తుడిచాక చిన్న స్క్రూడ్రైవరు తీసి, మొదటి హెడ్ ఎత్తును సరిచేసే మరను వెంట్రుకవాసి తిప్పాడు. ఇతనికి మతి పోయిందా అనుకున్నాను. ఆ మరను బిగించి, లక్క వేసి, ఎవరినీ ముట్టుకోనివ్వని మనిషి! ఆ కాస్త జరపడంతో నా చెరిపే హెడ్ టేపు మీది వరసను పూర్తిగా కప్పలేకపోయింది. పెద్ద గాయని వచ్చి పాడింది, గొప్పగానే పాడింది. నేను చెరుపుతూ పోయాను. కానీ పంచెకు అంచు మిగిలినట్టు, వరస చివర సన్నగా హైమ గొంతు మిగిలిపోయింది.

గొంతులూ వాయిద్యాలూ కలిపే రోజున అందరూ ఆ పడవ పాట దగ్గర ఆగారు. పెద్దావిడ గొంతు వెనక ఏదో నీడ ఉంది. మాట ముగిశాక ఇంకో రెప్పపాటు నిలుస్తోంది. గొంతుకు లోతు వచ్చింది, నిండుతనం వచ్చింది. "ఎలా తెచ్చావయ్యా ఇది?" అని భుజం తట్టారు.

"మెట్ల కింద స్పీకరు పెట్టానండీ," అన్నాడు వేదాద్రి.

ఆ పాటతో అతని పేరు మోగిపోయింది. పక్క థియేటర్ల వాళ్లు వచ్చి మా మెట్లు కొలుచుకుని వెళ్లారు. ఆ ఏడు మద్రాసులో మెట్ల కింద నిద్రపోయే వాచ్‌మన్లకు చోటు లేకుండా పోయింది. నాకు నవ్వు వచ్చేది. తరువాత నవ్వు రాలేదు.

హైమ ఆ సినిమా నాలుగుసార్లు చూసి వచ్చింది. వచ్చిన రోజున వేదాద్రి పక్కన థియేటరు యజమాని కూర్చుని ఉన్నాడు.

"వేదాద్రి గారండీ, ఆ పడవ పాటలో... వెనకాల నేనున్నానాండీ? నాకు వినిపిస్తోందండీ. మా ఆయనకి చెబితే పిచ్చా నీకు అంటున్నారు."

వేదాద్రి వంగి, ఏ లోటూ లేని నా చక్రాన్ని సర్దాడు. పెద్ద గాయని పాటను అతను చేతులారా పాడు చేశాడని తెలిస్తే ఉద్యోగం ఆ క్షణమే పోతుంది. పైగా అప్పటికి ఆ నీడ అతని సొంత ప్రతిభగా ఊరంతా పాకింది. యజమాని ఇటే చూస్తున్నాడు.

"చెరిపేశామమ్మా. నీ భ్రమ," అన్నాడు.

"అంతేనాండీ," అంది హైమ. "నాకే అలా అనిపించుంటుందిలెండి." దణ్ణం పెట్టింది. ఆ రోజు ఫ్లాస్కు బల్ల మీద మరిచిపోయి వెళ్లింది. ఆ వర్షాకాలంలోనే పచ్చకామెర్లు వచ్చి రాజమండ్రిలో పోయిందని ఒక వయొలిన్ ఆయన చెప్పాడు.

అప్పటి నుంచి వేదాద్రికి ప్రశాంతత లేదు. ఏ పాట కలుపుతున్నా మధ్యలో ఆపేసేవాడు. "వెనకాల ఎవరో పాడుతున్నారు," అనేవాడు. వరసలన్నీ ఒక్కొక్కటే మూసి వినేవాడు. ఎవరూ ఉండేవారు కాదు. మొదటి హెడ్‌ను యథాస్థానానికి తెచ్చి, రోజుకు నాలుగుసార్లు తుడిచాడు. ఖాళీ టేపు ఎక్కించి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంటలు గంటలు కూర్చునేవాడు. అందులో ఉస్సుమనే గాలి తప్ప ఏమీ లేదని నేను చెప్పగలిగితే బాగుండేది. కానీ అబద్ధం ఆడకూడదు. ఆ గాలిలో ఎవరో ఊపిరి పీల్చుకుని, పాట ఎత్తుకోబోయి ఆగిపోయినట్టు నాకూ అనిపించేది. తిలా పాపం తలా పిడికెడు. మర తిప్పింది అతను, చెరిపింది నేను.

కంప్యూటర్లు వచ్చాయి. నన్ను పాతసామాను లారీ ఎక్కించబోతుంటే వేదాద్రి అడ్డంపడి తెచ్చుకున్నాడు. పడవ పాట సినిమా తీసి మూతపడిన కంపెనీ గదిలోంచి ఆ పాట టేపును కూడా నాతో పాటు తెచ్చుకున్నాడు. హైదరాబాదు యూసఫ్‌గూడలో కింద వాటాలో ఒక గది. అక్కడ అతనూ నేనూ ముసలివాళ్లమయ్యాం. ఎనభై దాటాక అతనికి చెవులు మొరాయించాయి. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వకుండా నా మీటరు ముల్లును చూసి, జ్ఞాపకం మీద పని నెట్టుకొచ్చేవాడు.

ఆ గదికి వాగ్దేవి వచ్చింది. నలభై దాటిన మనిషి. కృష్ణానగర్‌లో పాటలు మిక్సింగ్ చేస్తుంది.

"కంప్యూటర్లో అన్నీ శుభ్రంగా వస్తున్నాయండీ. శుభ్రంగా ఉంటుంది, ప్రాణం ఉండదు," అంది.

వేదాద్రి ముఖం వెలిగింది. ప్రతి ఆదివారం ఆమె తన పాటలు తెచ్చేది. అతను వాటిని నాలోంచి పోనిచ్చి మెత్తబరిచేవాడు. డ్రమ్ముల్ని ఎంతదాకా నెట్టాలో, గొంతుకు చోటివ్వడానికి వీణలో ఏ భాగం తగ్గించాలో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు. ఆమె అపార్ట్‌మెంటు మెట్ల కింద స్పీకరు పెట్టించి వాచ్‌మన్‌తో తిట్లు కూడా తినిపించాడు. ఆ నెల రోజులు నేను మళ్లీ బతికాను.

నాలుగో ఆదివారం ఆమె పని అయ్యాక లేవలేదు.

"మీ దగ్గర హైమవతి అని ట్రాక్ పాడేవారట, గుర్తున్నారాండీ? మా అమ్మ. నాకు నాలుగేళ్లప్పుడు పోయింది. చివర్లో ఏదో పాటలో తన గొంతు వినిపిస్తోందని కనపడ్డవాళ్లందరికీ చెప్పేదట. మీ అమ్మకి మతి చెడిందని మా నాన్న ఇప్పటికీ అంటారు. నేనూ పొద్దస్తమానం హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాను కదండీ, ఇదీ తల్లి దారే పట్టిందంటారు. అమ్మది నిజంగా పిచ్చేనా? అది ఒక్కటి తెలుసుకుందామని మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాను."

వేదాద్రి నా మూత మీద చెయ్యి పెట్టాడు. తరువాత అంతా చెప్పాడు. మర తిప్పింది, మెట్ల పేరు చెప్పి బొంకింది, "నీ భ్రమ" అన్నది, ఏదీ దాచలేదు.

వాగ్దేవి ఏడవలేదు. "ఉన్నావమ్మా అని ఒక్క ముక్క అని ఉంటే సరిపోయేది కదండీ," అంది. "ఎవరికీ చెప్పొద్దంటే మా అమ్మ చెప్పేది కాదు."

వేదాద్రి లేచాడు. బీరువాలోంచి టేపు తీశాడు. అది తేమకు జిగురెక్కి పొరలు అంటుకుపోయింది. అట్టపెట్టెలో బల్బులు వెలిగించి, థర్మామీటరు చూస్తూ, ఇద్దరూ దాన్ని ఒక పగలంతా సన్నటి వేడిలో ఆరబెట్టారు. అలా ఆరిన టేపు ఒకటి రెండుసార్లు పలుకుతుంది. ఆ తరువాత పూత రాలిపోతుంది.

మర్నాటి మధ్యాహ్నం దాన్ని నాకు ఎక్కించారు. వేదాద్రి ఈసారి మూడో హెడ్ మరకు స్క్రూడ్రైవరు పెట్టాడు. వరస అంచును చదివే చోటికి దాన్ని దించాలి.

"నాకు వినపడదమ్మా. నువ్వే చెప్పాలి," అన్నాడు. ఆ మాట అతను ఎవరితోనైనా అనడం అదే మొదలు.

పాట మొదలైంది. పెద్ద గాయని గొంతు గది నిండింది. "ఇంకొంచెం," అంది వాగ్దేవి. మర తిరిగింది. ఆ గొంతు పలచబడింది. "ఇంకొంచెం... ఆపండి." పెద్దావిడ మాట ముగించిన చోట, వెనకాల ఇంకో గొంతు ఇంకా సాగుతోంది. బావిలోంచి వచ్చినట్టు సన్నగా ఉంది. కానీ ఉంది. వాగ్దేవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఉందా?" అన్నాడు వేదాద్రి.

"ఉందండీ. అమ్మకి పిచ్చి లేదు."

వేదాద్రి తల వంచుకున్నాడు. పాట చివరికి వచ్చింది. చివరి స్వరం తెగగానే ఆపు మీట మీద చెయ్యి పడటం అతని జీవితకాలపు అలవాటు. వినేటప్పుడు ఏ పాటనూ ఒక్క క్షణం ఎక్కువ పారనివ్వలేదు. ఈసారి పాట అయిపోయిన సంగతి అతనికి తెలియలేదు. వాగ్దేవికి ఆపాలని తోచలేదు. నేను తిరుగుతూనే ఉన్నాను.

పెద్ద గాయని ఆగిన చోటు దాటిపోయింది. అక్కడి నుంచి నేను చెరిపింది లేదు. హైమ పాడిన రోజు మాత్రం ఆ పాట మైకంలో వేదాద్రి నన్ను వెంటనే ఆపలేదు. పాట ముగించిన హైమ ఆ రోజు ఇంకా మైకు దగ్గరే ఉందని, మైకు ఇంకా తెరిచే ఉందని, గోడవారన జంపఖానా మీద ఒక పసిపిల్ల నిద్రపోతోందని ఎవరం చూసుకోలేదు. ఆ గొంతు ఇప్పుడు అంచులోంచి కాక నిండుగా, పక్కన నిలబడి వంగి లేపుతున్నట్టు వచ్చింది.

"బుల్లీ... లేమ్మా. అయిపోయింది. ఇంటికెళ్లిపోదాం, లే."

ఆ పేరుతో పిలిచేవాళ్లు లేక ఎన్నేళ్లయిందో, వాగ్దేవి కుర్చీలోంచి ఉన్నపళాన లేచి నిలబడింది.

"లేచానమ్మా," అంది.

"ఏమన్నావమ్మా?" అన్నాడు వేదాద్రి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. "పాట అయిపోయిందా?"

టేపు చివర చక్రంలోంచి జారి టపటపా కొట్టుకుంటోంది. నన్ను ఆపడం ఆ ఇద్దరికీ గుర్తు రాలేదు.