గడపలు కోసే చారి నన్ను బిగించిన వైనం

నేను ఒక స్పీకర్‌ని. పన్నెండు అంగుళాల వెడల్పు. ఒకవైపు నల్లటి కాగితపు గరాటు, ఇంకోవైపు బరువైన అయస్కాంతం. వీటిలో నా మొహం ఏదో వీపు ఏదో నాకిప్పటికీ సరిగా తెలియదు.

ఏదో పట్నంలో, రేకుల షెడ్డులో నన్ను చేశారు. రాగితీగ చుట్టిన గొట్టాన్ని నా కాగితానికి అతికించి, అయస్కాంతం సందులో దించిన ఆడమనిషి నన్ను రెండు వేళ్లతో మెల్లగా నొక్కి, "తగలట్లేదు" అని పక్కన పెట్టింది. ఏది దేనికి తగలకూడదో నాకు చెప్పలేదు.

తర్వాత పదేళ్లు మస్తాన్ మైకుసెట్లో ఉన్నాను. పెళ్లిళ్లకూ వెళ్లాను, దినాలకూ వెళ్లాను. రెండుచోట్లా నా ముందు అదే జనం కూర్చునేవారు. కొందరి మొహాలు రెండుచోట్లా ఒకేలా ఉండేవి. నేను దేనికి మోగుతున్నానో ఆ మొహాలను బట్టి తెలుసుకుందామంటే కుదిరేది కాదు. మస్తాన్ మైకుసెట్ మానేసి చేపల చెరువులకు వెళ్లేటప్పుడు నన్ను సలోమికి ఇచ్చేశాడు.

సలోమి బట్టలు కుడుతుంది. ఆదివారం చర్చిలో గిటార్ వాయిస్తుంది. పద్దెనిమిదేళ్లుగా పాటల బృందం చివర ఉన్న కుర్చీ ఆమెదే. ఆ మధ్య చర్చికి కీబోర్డు వచ్చింది. దాని మోతలో ఈమె తీగలు మునిగిపోయాయి. సంఘపెద్ద ఏబేలు ఒకరోజు ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"వినపడని వాయిద్యం ఎందుకు సలోమీ? ఈస్టరు దాకా చూద్దాం. అప్పటికీ ఇంతే అయితే, ఆ కుర్చీలో ఇంకెవరన్నా కూచుంటారు."

"వినపడేటట్టు చేస్తాలే మామా" అంది సలోమి. కుట్టుమిషను మాత్రం ఆ సాయంత్రమంతా తిరగలేదు.

రేడియోలు బాగుచేసే అతను చిన్న యాంప్లిఫయర్ కట్టిచ్చాడు. ఇక నన్ను పెట్టడానికి చెక్కపెట్టె కావాలి. ఊళ్లో చెక్కపని వీరబ్రహ్మాచారి ఒక్కడిదే. ఆయన బతుకంతా గడపలూ ద్వారబంధాలూ చేశాడు. ఈస్టరు ముందు శనివారం సలోమి ఇంటికొచ్చి, ప్లైవుడ్డు పలక మీద నన్ను బోర్లించి, నా అంచు చుట్టూ పెన్సిలు తిప్పి, గీత మీదే రంపం నడిపించాడు. వెంట్రుకవాసి తేడా రాలేదు. అంత చక్కటి కంతను నేను చూడలేదు. నన్ను ఎత్తి అందులో పెట్టాడు. నేను తిన్నగా లోపలికి జారి పెట్టె అడుగున పడ్డాను.

"అయ్యో బాబాయ్! అంచు ఆనడానికి చెక్క ఉంచొద్దా? బోల్టులు దేనికి బిగిస్తావు, గాలికా?"

"నీ సామాను కొలతకే గదమ్మా కోసింది. తలుపు పట్టేంతే ద్వారం."

"ఇది తలుపు కాదయ్యా!"

"మరేందో ముందు చెప్పొద్దూ?"

నేనేమిటో ఆమె చెబుతుందేమోనని పెట్టె అడుగునుంచి ఆశగా విన్నాను. ఆమె నవ్వేసింది.

చారి మిగిలిన ముక్కతో ఒక చట్రం కోశాడు. దాని కంత నాకన్నా అంగుళం చిన్నది. దాన్ని లోపలివైపు మేకులతో కొట్టి, నన్ను దానిమీద ఆనించాడు. ఒక బోల్టు పూర్తిగా బిగించబోతే సలోమి చేయి పట్టుకుంది. "ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించు బాబాయ్. లేకపోతే వంకర తిరుగుద్ది." ఆయన ముక్కు చిట్లించాడు గానీ అలాగే బిగించాడు. యాంప్లిఫయర్ మీట తిప్పి ఆమె గిటార్ తీగ ఒకటి మీటింది. నాలోంచి వచ్చిన ఆ స్వరం విని ఇద్దరూ అదిరారు. నేను కూడా.

అప్పుడు చారి సంచిలోంచి పసుపు తీశాడు. గడప నిలబెట్టాక పసుపూ బొట్టూ పెట్టనిదే ఆయన ఏ ఇంటినుంచీ వెళ్లడు. నా కాగితం నడుమ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టాడు. సలోమి ఇంట్లో బొట్టు పెట్టుకోరు. అయినా ఆమె పెద్దాయన చేతిని ఆపలేదు. ఇంట్లోకెళ్లి ఆయనకు టీ తెచ్చింది.

తెల్లవారి చర్చికి బయలుదేరే ముందు తడిగుడ్డతో నా నడుమ గట్టిగా తుడిచింది. పసుపు మొండిది, మళ్లీ తడిపి తుడిచింది. పెట్టినవాడు నా మేలు కోరే పెట్టాడు, తుడిచినామె నా మేలు కోరే తుడిచింది. నా కాగితం మాత్రం నీళ్లు తాగి మెత్తబడి, ఒకపక్కకు కుంగింది. లోపలి గొట్టం అయస్కాంతానికి రాసుకోసాగింది.

చర్చిలో మొదటి పాటకు ఆమె తీగ మీటగానే నేను కరకరమన్నాను. కీబోర్డు మోతలో అది ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ తెలియలేదు. ఆమె చెమట తుడుచుకుని, మెల్లగా మీటను సున్నాకు తిప్పేసింది. యాంప్లిఫయర్ మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. నేను మూగగా కూర్చున్నాను. ఆమె పద్దెనిమిదేళ్లుగా వాయించినట్టే చివరిదాకా వాయించింది.

ఆరాధన అయ్యాక ఏబేలు చేతులు చాపుకుంటూ వచ్చాడు. "ఇదీ వాయించడమంటే! ప్రతి తీగా విడివిడిగా వినపడ్డది. పెట్టె పెట్టావు, తేడా చూడు! ఆ కుర్చీ నీదేనమ్మాయ్, ఇంకెవరడుగుతారు."

"అది సున్నాలో ఉంది మామా. మొదటి పాట నుంచే తగ్గించేశాను. మీరు విన్నది ఉత్త గిటారే."

"నీకీ దీనమనసు మొదట్నుంచీ ఉందిలే" అని ఆయన నా చెక్కను రెండుసార్లు తట్టి వెళ్లిపోయాడు. వెనక ఉన్నవాళ్లు కూడా తలలూపారు. వాళ్లు విన్నదేమిటో నాకు అంతుపట్టలేదు. నేనక్కడే, వాళ్ల ఎదురుగానే ఉన్నాను.

జనం పోయారు. తలుపులు వేయడానికి వాచ్‌మన్ బయట బీడీ అయ్యేదాకా ఆగాడు. సలోమి కుర్చీ నా ఎదురుగా తిప్పుకుని, మీటను సగం దాకా తిప్పి, ఇందాకటి పాటే మొదలుపెట్టింది. నేను కరకరమంటూనే పాడాను. ఆమె ఆపుతుందనుకున్నాను. ఆపలేదు, పాట మొత్తం వాయించింది. తర్వాత చాలాసేపు నా వైపే చూస్తూ కూర్చుంది. ఆమె కళ్లలో ఉన్నది సంతోషమో దిగులో పోల్చుకోలేకపోయాను.