ఆగ్నేయం మూల పదకొండు రోజులు

నేను ఒక గది హీటరును. గోడకు నాలుగు స్క్రూల మీద వేలాడడం నా బతుకు. నడవలేను, అరవలేను. ముక్కు లేదు కాబట్టి వాసన కూడా తెలియదు. నాకు వచ్చిన విద్య ఒక్కటే, వేడెక్కడం. ఆ విద్యతో ఒక పసిపిల్లను బతికించాలని నన్ను ఒక ఇంటికి తెచ్చారు. అదే విద్యతో ఆ పిల్లను చంపేదాన్ని. ఆ సంగతే చెప్తాను.

నేను పుట్టింది దూరాన ఏదో ఊళ్లో. రేకు వంచి ఒళ్లు చేశారు, లోపల తీగ చుట్టారు, ముందు తెల్లటి జాలీ బిగించారు. మరీ వేడెక్కితే తనంతట తానే నన్ను ఆపేసే చిన్న మీట ఒకటి కడుపులో పెట్టారు. మూడు కాళ్ల లావు ప్లగ్గు తగిలించారు. ఒకామె నాకు కరెంటు ఇచ్చి చూసి, నేను ఎర్రబడ్డాక తలూపి, అట్టపెట్టెలో పడుకోబెట్టింది. నా పక్కన నాలుగు మడతల కాగితం పెట్టింది. నన్ను ఎలా బిగించాలో, ఎలా వాడాలో అందులో బొమ్మలతో ఉంది. నా ముందు మూడు అడుగుల దాకా బట్టగానీ పరుపుగానీ ఉండకూడదు. గోడలో ఉన్న పవర్ ప్లగ్గుకే నన్ను పెట్టాలి, వేరే వైరుతో సాగదీయకూడదు. నా మీద ఏమీ ఆరేయకూడదు. మనుషులు ప్రతి వస్తువుతోనూ ఇలాంటి కాగితం తప్పకుండా అచ్చు వేస్తారు. తప్పకుండా చదవకుండా పక్కన పెడతారు.

నా మొదటి యజమాని మాత్రం చదివాడు. ఆయన ఆసిఫాబాదులో బ్యాంకు మేనేజరు. రెండుసార్లు చదివి, టేపుతో కొలిచి, నన్ను గోడకు మోకాలెత్తున పెట్టించాడు. రెండు చలికాలాలు ఏ గొడవా లేకుండా గడిచాయి. ఆయనకు సముద్రం పక్క ఊరికి బదిలీ అయింది. అక్కడ నాతో పనిలేదు. సామాను సర్దుకునే రోజున, రోజూ పాలు పోసే లింగన్న దిగులుగా ఉండడం చూసి మేనేజరు ఏమైందని అడిగాడు.

"బిడ్డ పురిటికొచ్చింది సారూ. నెలలు నిండక ముందే కాన్పయింది. పిల్ల కిలోన్నర ఉన్నది. ఇంటికి తీస్కపోతే గది వెచ్చగుండాలె, కుంపటి మాత్రం పెట్టొద్దు అన్నది డాక్టరమ్మ. కుంపటి పెట్టి తలుపులు మూస్తె కండ్లకు కనవడని గాలి ఊపిరి తీస్తదట."

మేనేజరు నన్ను విప్పి, కాగితంతో సహా పెట్టెలో పెట్టి ఇచ్చాడు. అలా లింగన్న సైకిలు వెనక, పాల క్యాను పక్కన, మంచులో తడుస్తూ వాళ్ల ఊరు చేరాను.

ఆ ఇంట్లో లింగన్న, ఆయన భార్య నర్సుబాయి, బాలింత అయిన పెద్దకూతురు సుజల, తొమ్మిదో తరగతి చదివే చిన్నకూతురు నవనీత ఉన్నారు. నవనీత చాలా తక్కువ మాట్లాడుతుంది. బడిలో హాజరు పిలిస్తే ఆమె బదులు పక్కపిల్ల "వచ్చింది సార్" అని చెప్పేదట. నా కాగితాన్ని మడత విప్పింది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఇంగ్లీషులో ఉంది. బడి నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో మాటకు అర్థం వెతుక్కుంటూ, పెన్సిలుతో పైన రాసుకుంటూ ఒక సాయంత్రమంతా చదివింది.

మర్నాడు కరెంటు పోశెట్టి వచ్చాడు. ఊళ్లో ఇంకో పోశెట్టి ఉన్నాడు కాబట్టి ఇతన్ని అలా పిలుస్తారు. గది నాలుగు గోడలూ చూసి ఉత్తరం గోడ తట్టాడు.

"అక్కా, గీడ వెడితే గడియల అయిపోతది. కూలరు కోసం వెట్టిన పవర్ ప్లగ్గు గీడనే ఉన్నది."

"గా గోడ ఉత్తరం. ఉత్తరంల ఎవలన్న నిప్పు వెడతార్రా? ఆగ్నేయం మూలకు వెట్టు" అంది నర్సుబాయి.

"నిప్పు గాదక్కా, కరెంటు."

"వేడిస్తదా, ఇయ్యదా?"

"ఇస్తది."

"అయితె నిప్పే."

పోశెట్టి లింగన్న వైపు చూశాడు. "నీ కరెంటు నీది, దాని వాస్తు దానిది. నన్ను నడుమల వెట్టకుర్రి" అని ఆయన బర్రెల దగ్గరికి పోయాడు.

తలుపు వెనక నుంచి నవనీత "అమ్మా, కాగితంల..." అంది.

"కాగితం పొయ్యిలకు పనికొస్తది. పాలు పొంగుతున్నయ్, పో."

ఆమె వెళ్లిపోయింది. పోశెట్టి ఆగ్నేయం మూల గోడకు నాలుగు బెజ్జాలు చేసి నన్ను బిగించాడు. బిగింపు బాగానే ఉంది. కానీ ఆ మూల పవర్ ప్లగ్గు లేదు. సెల్‌ఫోన్లు చార్జి చేసుకునే తెల్లటి ఎక్స్‌టెన్షన్ పెట్టె ఒకటి, దాని సన్నటి వైరు, ఉత్తరం గోడ నుంచి గది దాటించి తెచ్చాడు. నా లావు ప్లగ్గు అందులో పట్టలేదు. దాన్ని కోసేసి చిన్నది తగిలించాడు. కోస్తూ "రెండు దినాలకే అక్కా, తర్వాత మంచి వైరు ఏస్త" అన్నాడు. కాళ్లకు అడ్డం రాకుండా నర్సుబాయి ఆ వైరు మీద చాప పరిచింది.

ఆ సాయంత్రమే, పుట్టిన పదో రోజున, పిల్ల సుజలతో ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది. తువ్వాలులో చుట్టిన ముఖం మా మేనేజరు పిడికిలంత ఉంది. నేను వెలిగాను. గది వెచ్చబడింది. నర్సుబాయి నూనె రాస్తూ పిల్లతో మాట్లాడేది. ఒక పొద్దున అన్న మాటలు నాకింకా గుర్తున్నాయి.

"నీ మేనమామ గూడ సలికాలంలనే పుట్టిండు బిడ్డా. పద్దెనిమిది దినాలు బతికిండు. ఈశాన్యంల పొయ్యి వెట్టుకున్నరు, అందుకే పోయిండు అన్నరు అందరు. నాకెవ్వరు ముందుగాల చెప్పలే. ఈసారి నేను తప్పు చెయ్య."

ఆ మాట విన్నాక ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమెకు తెలిసిన కాపలా అదే. కాకపోతే తప్పు చోట నిలబడి కాపలా కాస్తోంది.

నన్ను ఆపే మీట నా కడుపులో ఉంది. నేను మాడిపోతే అది నన్ను ఆపుతుంది. చాప కింద వైరు మాడితే దానికెలా తెలుస్తుంది? రోజులు గడిచేకొద్దీ వైరులోంచి నాకు వచ్చే కరెంటు ఒక్కోసారి వణికేది. చాప మీద అందరూ నడిచేవాళ్లు. సుజల నిద్రమత్తులో పిల్ల తడిగుడ్డలు నా మీద ఆరేసేది. ఎవరూ చూడకుండా నవనీత వచ్చి వాటిని తీసి బయట తాడు మీద వేసేది. ఒకరోజు పన్నెండు అంగుళాల స్కేలు మూడుసార్లు తిప్పి నేల మీద కొలిచింది. నా చుట్టూ సుద్దముక్కతో ఒక గీత గీసింది.

"ఎవలే గీ పిచ్చిగీతలు గీసింది?" అని తెల్లారి నర్సుబాయి తడిగుడ్డతో తుడిచేసింది. నవనీత జడ అల్లుకుంటూ తల వంచుకుంది. మళ్లీ గీయలేదు.

ఇరవై ఒకటో రోజు తొట్టెల పండుగ. అప్పటికి నేను ఆ మూలకు వచ్చి పదకొండు రోజులు. పొద్దు పొడిచినా మంచు విడవలేదు. సుజల అత్తగారు తెచ్చిన కొత్త మెరుపు చీరతో తొట్టె కట్టారు. దూలానికున్న కొండి నాకు దగ్గర్లోనే ఉంది. "మంచిగైంది, పిల్లకు సెగ తగుల్తది" అన్నారు. తలుపు మూశారు, కిటికీ మూశారు. పదిహేను మంది ఆడవాళ్లు గదిలో కూర్చున్నారు. నన్ను పూర్తిగా పెంచారు. సాంబ్రాణి వేశారు.

పాట మొదలైంది. తొట్టె ఊగింది.

మొదట అది జానెడు దూరాన ఆగి వెనక్కి పోయింది. పాట హుషారెక్కింది. ఊపు పెరిగింది. చీర కొసను ముడి వేయడం మరిచారు. అది గాలికి ముందుకు ఎగిరి, నా జాలీని తాకీ తాకనట్టు తాకి, వెళ్లింది. మళ్లీ వచ్చింది. లోపల పిల్ల నిద్రపోతోంది. చల్లారు, చల్లారు అని నాకు నేనే చెప్పుకున్నాను. నా చేతిలో ఏముంది? స్విచ్చు ఉత్తరం గోడకు ఉంది. దాని ముందు ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని చప్పట్లు కొడుతున్నారు.

గోడకు ఆనుకుని నిలబడ్డ నవనీత ముక్కు చిట్లించింది. అటూ ఇటూ చూసింది. గబగబా వచ్చి సాంబ్రాణి మట్టిగిన్నె ఎత్తి బయట పెట్టేసింది. "అగో, సాంబ్రాణి ఎందుకు తీసినవే పిల్లా?" అన్నారెవరో. పొగ పలచబడింది. ముఖం ఇంకా అలాగే పెట్టి, చాప మీద ఒక అడుగు వేసింది. వెంటనే కాలు వెనక్కి తీసుకుంది.

నా ముందు చీర కొస మరోసారి వచ్చింది. ఈసారి అంచు గోధుమరంగుకు తిరిగి ముడుచుకుంది.

"తొట్టె ఆపుర్రి!"

ఆ గొంతు ఎవరిదో ఆ ఇంట్లోవాళ్లకే వెంటనే తెలియలేదు. నవనీత నాకూ తొట్టెకూ మధ్య దూరి, రెండు చేతులతో తొట్టెను పట్టేసింది. నా సెగ ఆమె వీపుకు తగులుతోంది. పాట తెగిపోయింది.

"పాట నడుమల తొట్టె ఆపుతరా? అపశకునం!" అని సుజల అత్తగారు లేచింది. నర్సుబాయి ముఖం పాలిపోయింది. కూతుర్ని కొట్టడానికే చెయ్యి ఎత్తుకుంటూ వచ్చింది.

"కొట్టు అమ్మా, తర్వాత కొట్టు. పిల్లను తియ్యి ముందు! అక్కా, స్విచ్చు బందు చెయ్యి! చాప కింద కాలుతున్నది!"

ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. సాంబ్రాణి లేని ఆ గదిలో అప్పుడు నర్సుబాయి ముక్కుకూ అందింది ఆ మాడు వాసన. ఆ చేత్తోనే పిల్లను తీసి రొమ్ముకు హత్తుకుంది. సుజల ఆ ముగ్గురినీ తోసుకుంటూ వెళ్లి స్విచ్చు ఆపింది. నేను ఆరిపోయాను. ఆరిపోవడం అంత హాయిగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

తలుపు తీశారు. చలిగాలి వచ్చింది. లింగన్న కర్రతో చాప ఎత్తాడు. చాప అడుగున పొడుగాటి నల్లగీత. వైరు తొడుగు కరిగి నేలకు అతుక్కుంది. తెల్లపెట్టె ఒక పక్క బెల్లంలా కారింది. సుజల అత్తగారు తన కొత్త చీర అంచు వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. తర్వాత వెళ్లి నవనీత వీపు తడిమింది, కాలిందేమోనని.

పోశెట్టిని పిలిపించారు. గుమ్మంలోనే మొదలుపెట్టాడు. "నేను ముందుగాలనే చెప్పలేదా అక్కా?"

"చెప్పినవ్. చెప్పి మళ్ల అదే పని చేసినవ్. ఇనకపోవుడు నా తప్పు, ఇనకున్నా వెట్టుడు నీ తప్పు" అంది నర్సుబాయి. "ఉత్తరం గోడకే వెట్టు. ఆనాడు నా కొడుకును ఈశాన్యం చంపిందో లేదో గని, ఈనాడు పిల్లను ఆగ్నేయం కాపాడలే, ఇది కాపాడింది." ఇది అంటూ చిన్నకూతుర్ని చూపించింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆ కాగితం తే బిడ్డా. అండ్ల ఇంకేమున్నదో చదువు. గట్టిగ చదువు, పోశెట్టికి గూడ ఇనవడాలె" అంది.

నవనీత చదివింది. మొదటి రెండు ముక్కలు ఎవరికీ వినపడలేదు. మూడోదానికి గొంతు పెంచింది. పోశెట్టి తలవంచుకుని వింటూ నాకు మళ్లీ మూడు కాళ్ల ప్లగ్గు తగిలించాడు. గోడలో ఎర్తు వైరు ఉందో లేదో చూశాడు. లేకపోవడంతో ఆ సాయంత్రమే వేశాడు. తొట్టెను అవతలి కొండికి మార్చారు. కిటికీ ఒక రెక్క వేలెడు తెరిచి ఉంచారు.

మర్నాడు పొద్దున్నే నర్సుబాయి ముగ్గుగిన్నె పట్టుకుని నా ముందుకు వచ్చింది. "ఎన్ని అడుగులే?" అని అడిగింది. నవనీత స్కేలు తెచ్చి మూడుసార్లు తిప్పింది. ఆమె వేలు పెట్టిన చోట నర్సుబాయి ముగ్గు వేసింది, నా చుట్టూ అర్ధచంద్రంలా. పొయ్యి ముందు వేసే ముగ్గే అది. సుద్దగీతను ఒక్కరోజులో తుడిచేసిన ఆ ఇంట్లో, ఆ ముగ్గును ఇప్పటిదాకా ఒక్కరూ తొక్కలేదు. పక్కింటివాళ్లు వచ్చినా చుట్టూ తిరిగే పోతారు. తడిగుడ్డ పట్టుకుని వచ్చిన సుజల కూడా అక్కడ ఆగి వెనక్కి తిరుగుతుంది.

మళ్లీ చలికాలం వచ్చింది. సుజల పిల్లతో వచ్చింది. ఆ పిల్లకు ఇప్పుడు నడక వచ్చింది. బుడిబుడిగా నా వైపు వస్తుంది, ముగ్గు దగ్గర ఆగుతుంది, వెనక్కి తిరిగి చిన్నమ్మను చూస్తుంది.

"ఊహూఁ" అంటుంది నవనీత. గట్టిగానే అంటుంది.

పిల్ల అక్కడే కూలబడి రెండు అరచేతులూ నా వైపు చాపుతుంది. ఎదురుగా ఆగ్నేయం మూల గోడలో నా పాత బెజ్జాలు నాలుగు అలాగే ఉన్నాయి. శుక్రవారం పూట నర్సుబాయి వాటికి పసుపు బొట్లు పెడుతుంది. నాకూ ఒకటి పెట్టాలని వస్తుంది. వచ్చి, స్విచ్చు ఆపి, నేను చల్లారేదాకా ముగ్గు ఇవతలే నిలబడుతుంది.